పువ్వుల తొడుగులో చార్జర్

ఎంబ్రాయిడరీ మిషను తెరమీద హంస లేదు.

నిన్న సాయంత్రం వరకూ ఉంది. తెరకు ఎడమమూల, రెక్కలు ముడుచుకుని, మెడ వంచుకుని, ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఇవాళ పొద్దున కోడలు షాపు తెరిచి, మిషను స్విచ్చి వేసి, నీలం గుడ్డ ఫ్రేముకు బిగించి, హంస మీద వేలు పెట్టబోతే అక్కడ ఖాళీ గడి కనిపించింది. దాని పక్కనా ఖాళీయే. తెర మొత్తం కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది.

"ఏవండీ, నిన్న మిషన్ని ఏం చేశారు?"

భర్త వెనకగదిలో గుడ్డ కత్తిరిస్తున్నాడు. చిన్నప్పుడు గోడగడియారం విప్పి, తిరిగి బిగించాక గుప్పెడు చక్రాలు మిగిల్చాడట. అప్పట్నుంచీ ఇంట్లో అతని పేరు ఇంజనీరు. మిషన్ని తను ఏమీ చేయలేదన్నాడు ఇంజనీరు. కాసేపాగి, అప్డేట్ చేశానన్నాడు. ఇంకాసేపాగి, అప్డేట్ చేసేటప్పుడు లోపలున్నవన్నీ చెరిపేయమంటావా అని అడిగిందనీ, పాత చెత్తే కదా అని సరేనన్నాననీ చెప్పాడు.

కోడలు కుర్చీలో కూర్చుంది. అరవలేదు. అరిచే ఓపికను మధ్యాహ్నానికి దాచుకుంది.

ఆ హంస ఒక బడి బ్యాడ్జీ. ఈ వీధిలో ఆ షాపు నిలబడిందంటే ఆ బడి యూనిఫాం వల్లే. ఈ ఏడు బడివాళ్ళకి ఒక పెద్ద కంపెనీ తగులుకుంది. ఏ బ్యాడ్జీ అయినా ఫోటో తీసి ఇవ్వండి, క్షణాల్లో కుట్టేస్తాం అంటోందట. బడి ఆఫీసు మేడం మర్యాదస్తురాలు. కొత్త నీలం గుడ్డ మీద మీ హంసను ఒక్కటి కుట్టి చూపించండి, పాతదానిలాగే ఉంటే మీకే అని చెప్పింది. బడి వదిలాక ఇవాళే వస్తానంది.

హంసను మళ్ళీ తయారుచేసే వీల్లేదు. దాన్ని కంప్యూటర్లో ఒక్కో కుట్టూ పెట్టి తయారుచేసింది అత్తగారు. ఒక వానాకాలమంతా కూర్చుంది. మెడ దగ్గర కుట్ల వాలు మెల్లగా మారుతూ పోతుంది, అందుకే బ్యాడ్జీని అటూ ఇటూ తిప్పితే మెడ కదిలినట్టు మెరుస్తుంది. ఫోటో తీసి కుట్టించిన హంస చెక్కలో కోసిన బాతులా ఉంటుంది. ఇప్పుడు అత్తగారి కళ్ళు ఆ పని చెయ్యలేవు. మొన్ననే ఒక కంటికి ఆపరేషనైంది. ఇవాళ చూపించుకోడానికి పక్కింటావిడను తోడు తీసుకుని ఆస్పత్రికెళ్ళింది.

"పాత కంప్యూటర్లో ఉంటుందిగా," అన్నాడు ఇంజనీరు, అదేదో తను ముందే ఆలోచించి ఉంచినట్టు.

పాత కంప్యూటర్ చచ్చి చాలాకాలమైంది. ప్రస్తుతం బల్ల కింద పడుకుని కోడలి కాళ్ళకు పీటగా పనికొస్తోంది.

ఇంజనీరు దాన్ని బయటికి లాగాడు. మూత తీస్తే లోపల దుమ్ము, రంగురంగుల దారప్పోగులు, ఒక ఎండిన బల్లి. అన్నీ దాటుకుని చెయ్యిపెట్టి, ఇటుకలో సగమంత ఉన్న హార్డ్ డిస్కు విప్పి తీశాడు. బరువుగా, చల్లగా ఉంది. దీన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించడానికి ఒక అడాప్టర్ కూడా ఇంట్లోనే ఉంది. కంప్యూటర్ పోయినప్పుడు, లోపలివన్నీ బయటికి తీసుకోండని రిపేరతను చెప్పి మరీ కొనిపించాడు. ఆదివారం తీస్తానన్నాడు ఇంజనీరు. ఆ ఆదివారం ఇంకా రాలేదు.

అడాప్టర్ అరచేతిలో పట్టే నల్లడబ్బా. ఒకవైపు డిస్కు పళ్ళు దూరే వెడల్పాటి నోరు, ఇంకోవైపు ల్యాప్‌టాప్‌కు పెట్టే తీగ, పక్కన ఒక గుండ్రటి బెజ్జం. ఇంజనీరు డిస్కును దూర్చి, తీగ గుచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఏమీ జరగలేదు. షాపును ఆనుకునే ఇల్లు, అక్కడి పక్కగదిలోంచి మాత్రం గుర్రుమని చప్పుడు వస్తోంది. అది మామగారి కాళ్ళు మర్దనా చేసే మిషను. ఆయన వార్తలు చూస్తూ అందులో పాదాలు పెట్టుకుంటే లోకం మునిగినా లేవడు.

"డిస్కు పోయింది," అని తేల్చేశాడు ఇంజనీరు.

కోడలు అతన్ని పక్కకు జరగమని, రిపేరతనికి ఫోన్ చేసింది. వీధి జనమంతా అతన్ని డాక్టరంటారు. కంప్యూటర్ల నాడి చూస్తాడని కాదు, దేనికైనా ముందు రెస్టు కావాలంటాడని. ఆ రోజు డాక్టరు పక్కూళ్ళో ఏదో ఆఫీసులో తీగలు లాగుతున్నాడు. చీకటి పడితే గాని రానన్నాడు. విషయమంతా విని, అంత పెద్ద డిస్కు తిరగడానికి ల్యాప్‌టాప్ ఇచ్చే కరెంటు చాలదనీ, ఆ గుండ్రటి బెజ్జంలో వేరే చార్జర్ పెట్టాలనీ, అది అడాప్టర్‌తోపాటే వచ్చి ఉంటుందనీ చెప్పాడు.

ఇంట్లో చార్జర్లన్నీ ఒక బుట్టలో ఉంటాయి. కోడలు ఆ బుట్ట తెచ్చి బల్లమీద పెట్టి, ఊపిరి వదిలింది.

అత్తగారికి ఏ వస్తువూ బట్టలేకుండా కనబడకూడదు. రిమోట్‌కు తొడుగు, మిక్సీకి తొడుగు, ఇస్త్రీపెట్టెకు తొడుగు. చార్జర్లనైతే మెత్తటి గుడ్డలో కూర్చి, చుట్టూ దగ్గరగా కుట్టేసి, పైన ఒక పువ్వు, పువ్వుకింద దాని పేరూ ఎంబ్రాయిడరీ చేసింది. తీగ బయటికొచ్చే చోట కూడా అంచు మడిచి కుట్టింది. బుట్ట చూస్తే పసిపిల్లల బొంతలు ఆరేసినట్టుంది.

ఎర్ర గులాబీ ఉన్న తొడుగు మీద 'డిస్కు' అని తీరైన అక్షరాల్లో ఉంది.

మొట్టమొదటిసారి కోడలికి ఆ తొడుగుల మీద గౌరవం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

చార్జర్ గుచ్చగానే డిస్కు కదిలింది. లోపల ఏదో తిరగబోయి, ఆగి, టక్‌మంది. మళ్ళీ తిరగబోయి టక్‌మంది. తలుపు గడియ లోపల్నుంచి ఎవరో లాగుతున్నట్టు, టక్, టక్. ఇంజనీరు కళ్ళు మెరిశాయి. ల్యాప్‌టాప్ తెరమీద ఒక చిన్న గడి తెరుచుకుంది. ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది.

"అడుగుతోందిగా," అంటూ ఇంజనీరు వేలు ముందుకు పోయింది.

కోడలు అతని మణికట్టు పట్టుకుంది. దారాలు తెంపే చెయ్యి, గట్టి చెయ్యి. వేలికీ మీటకూ మధ్య గింజ పట్టేంత సందు కూడా లేదు.

"ఫార్మాట్ అంటే ఏంటో తెలుసా మీకు?"

"సరిచెయ్యడం."

"తుడిచెయ్యడం. నిన్న చేశారే, అది."

అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆ వేలిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

డాక్టరుకు మళ్ళీ ఫోను. ఈసారి స్పీకర్లో పెట్టారు. డిస్కు చప్పుడు వినగానే డాక్టరు గొంతు మారిపోయింది. ముందు తీగ పీకెయ్యమన్నాడు. పీకాక, కరెంటు చాలకపోతే డిస్కు అలాగే కొట్టుకుంటుందనీ, సగం సగం తిరిగేసరికి ల్యాప్‌టాప్‌కు లోపలేముందో అర్థంకాక ఖాళీదనుకుంటుందనీ, ఇంకో రెండుసార్లు అలా కొట్టుకుంటే నిజంగానే పోతుందనీ చెప్పాడు.

"వదినా, ఆ చార్జర్ మీద ఏం రాసుందో చదవండి."

"గులాబీ పువ్వుంది."



"పువ్వు కాదు వదినా, అంకెలు. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు."

అంకెలు లోపల ఉన్నాయి. చార్జర్ ఒంటిమీద, గుడ్డకింద, దూదికింద. కోడలు అత్తగారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అత్తగారి ఫోనుకూ ఒక తొడుగుంది, అన్నిటికన్నా దళసరిది, కింద పడినా పగలకుండా. సంచిలో, ఆ తొడుగులో అది మోగుతూ ఉంటుంది, చెరువులో రాయిలాగ. ఎవరికీ వినబడదు.

కోడలు కుట్లు విప్పే కత్తి తీసింది.

తన చేతుల్తో ఎన్నో తప్పుకుట్లు విప్పింది గాని, ఇంత మంచికుట్టు ఎప్పుడూ విప్పలేదు. గులాబీకి తగలకుండా అంచు వెంట కోసుకుంటూ పోయింది. తొడుగు ఊడి, నల్లటి చార్జర్ బయటపడింది. తొమ్మిది వోల్టులు. అర ఆంపియరు.

మనక్కావలసింది పన్నెండు వోల్టులు, కనీసం రెండు ఆంపియర్లు అన్నాడు డాక్టరు. ఇది డిస్కుది కానే కాదన్నాడు. పైన డిస్కని రాసుందయ్యా అంటే, పైన రాసింది ఎవరని అడిగాడు.

రెండోది బంతిపువ్వు, 'ఫోను'. లోపల అయిదు వోల్టులు. మూడోది మల్లె, 'గడియారం', ఆ గడియారమే ఇంట్లో లేదు. నాలుగోది పెద్దది, తామర, పేరు లేదు. విప్పితే పంతొమ్మిది వోల్టులు. ఇంజనీరు దాన్ని చేత్తో ఎత్తి చూశాడు.

"ఎక్కువుంటే ఇంకా మంచిదేగా. తొందరగా తిరుగుతుంది." అంటూ దాని మొనను అడాప్టర్ బెజ్జం దగ్గరికి తెచ్చాడు. మొన చక్కగా సరిపోయేలా ఉంది.

"అన్నా," అంది ఫోను, "అది పెట్టారంటే ఇక డిస్కును నా దగ్గరికి తేనక్కర్లేదు. మంచి చోటు చూసి పాతిపెట్టండి."

ఇంజనీరు మొనను జాగ్రత్తగా, పాముతల పట్టుకున్నట్టు, బల్లకు అవతలి చివర పెట్టాడు.

బుట్ట ఖాళీ అయింది. బల్లనిండా కోసిన పువ్వులు, చెదిరిన దూది, బట్టల్లేని చార్జర్లు. పన్నెండు వోల్టులది ఒక్కటీ లేదు. సందు చివర కరెంటు సామాను షాపుకు ఆ రోజు సెలవు. పెద్దబజారుకెళ్ళి రావాలంటే, కుట్టడానికి ఇక టైముండదు. హంస కుట్టడానికే బోలెడంతసేపు పడుతుంది. అయినా పోయి చూస్తానని ఇంజనీరు బండి తాళాలు తీసుకున్నాడు. కోడలు పోనివ్వాలా వద్దా అని ఆలోచిస్తోంది. పోతే ఏదో ఒకటి తెస్తాడు. ఆ ఏదో ఒకటే ఆమెకు భయం.

అప్పుడే గుమ్మంలో నల్లకళ్ళద్దాలు కనిపించాయి.

అత్తగారు చెప్పులు విడిచింది. రెండడుగులు వేసింది. కళ్ళద్దాలు పైకెత్తి, ఆపరేషన్ కాని కంటితో బల్లవైపు చూసింది. ఒక ముక్క చేతిలోకి తీసుకుని, వేలితో తడిమి, అది మల్లె అని పోల్చుకుంది.

"నావన్నీ విప్పేశారా అమ్మాయ్?"

కోడలి దగ్గర పొద్దున్నుంచీ దాచుకున్న ఓపిక ఒకటుంది. అది అప్పుడు బయటికొచ్చింది, కానీ అరుపుగా కాదు. హంస పోయిన సంగతి, మేడం రాబోతున్న సంగతి, డిస్కు కొట్టుకున్న సంగతి వరసగా చెప్పింది. హంస పేరు వినగానే అత్తగారు మల్లెను కింద పెట్టింది.

"ఒక్కమాట నన్నడగొచ్చుగా."

"మీకు అదేపనిగా ఫోన్ చేశాను అత్తయ్యా."

"నాకు వినబళ్ళేదే."

"వినబడదు. దానికి మీరు పరుపు కుట్టారు."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. గులాబీ తొడుగు సంగతి అడిగితే, అందులో దాచడానికేముందన్నట్టు చెప్పింది. డిస్కు చార్జర్ని ఎవరూ వాడట్లేదు. తొడుగేమో కొత్తది, దూది కూడా నలగలేదు. వృథాగా ఎందుకని తీసి పాత వైఫై డబ్బా చార్జరుకు తొడిగింది. ఇంట్లో ఏ తొడుగులో ఏముందో తనకు తెలుసు. తెలిశాక పేరుతో పనేమిటి?

"మరి డిస్కు చార్జర్ ఎక్కడ పెట్టారు?"

"అదిగో, మోగట్లా?"

ముగ్గురూ నిశ్శబ్దంగా విన్నారు. గోడవతల గుర్రుమంటోంది.

మామగారి మర్దనా మిషనుకు మొదట వచ్చిన చార్జర్ మాడిపోయిందట. అప్పుడు అత్తగారు బుట్టలో వెతికి డిస్కుది పెట్టింది. సరిపోయిందట. సరిపోయిందని ఎలా తెలిసిందని ఇంజనీరు అడిగాడు.

"బెజ్జంలో దూరిందిగా," అంది అత్తగారు.

ఇంజనీరుది ఎవరి పోలికో కోడలికి మొదటిసారి స్పష్టంగా తెలిసింది.

పక్కగదిలో మామగారు పాదాలు మిషన్లో పెట్టి, కళ్ళు తెరమీద పెట్టి కూర్చున్నాడు. మంచం పక్కన కనకాంబరం ఎంబ్రాయిడరీ చేసిన తొడుగొకటి ఉంది, దానిమీద 'కుట్టు దీపం' అని. కోడలు వంగి తీగ పీకింది. గుర్రు ఆగిపోయింది.

"కరెంటు పోయిందా?" అన్నాడు మామగారు.

"లేదు మావయ్యా. నేనే తీశాను."

"ఎడమకాలు అవలేదింకా."

అది సాయంత్రం అవుతుందని చెప్పి, కోడలు అక్కడే నిలబడి కనకాంబరం కోసేసింది. పన్నెండు వోల్టులు. రెండు ఆంపియర్లు. అంకెలు ఇంత అందంగా ఉంటాయని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఫోనులో డాక్టరుకు రెండుసార్లు చదివి వినిపించింది. పెట్టండి అన్నాడతను. అప్పుడు కూడా ఆమె వెంటనే పెట్టలేదు. ఇంజనీర్ని రెండు చేతులూ వెనక్కి కట్టుకోమంది. అతను కట్టుకున్నాడు.

డిస్కు ఈసారి కొట్టుకోలేదు. సన్నగా మొదలై, పైపైకి లేచి, ఒక ఎత్తులో నిలబడిపోయింది చప్పుడు. ఎప్పుడో పాతరోజుల్లో ఈ షాపులో పొద్దున్నే వినిపించిన చప్పుడది. అత్తగారు గుర్తుపట్టి తల తిప్పింది. ల్యాప్‌టాప్ ఏ ప్రశ్నా వెయ్యలేదు. డిస్కు తలుపు మర్యాదగా తెరుచుకుంది.

లోపల హంస అన్న పేరుతో ఏదీ లేదు.

కోడలు నుదురు పట్టుకుంది. 'కొత్తది' అని ఒకటుంది. 'కొత్తదానికన్నా కొత్తది' అని ఇంకొకటి. 'రెక్క వద్దు', 'రెక్క పర్లేదు', 'వాన', 'ఇది చూడొద్దు'. పేర్లు పెట్టింది ఎవరో అడగనక్కర్లేదు.

"ఏది అత్తయ్యా?"

అత్తగారు ఆలోచించలేదు. "మెడ బాగుంది అని ఉంటుంది చూడు."

ఉంది. తెరిస్తే హంస. ఒక్కో కుట్టూ, ఒక్కో వాలూ, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

కాపీ అవుతుండగా కోడలు ఫ్రేము సరిచూడ్డానికి అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి అత్తగారు చార్జరుకు గులాబీ తొడుగు తొడుగుతోంది. అది వేడెక్కుతుందని కోడలంటే, బోసిగా ఉంటే చూడలేకపోతున్నానంది. తొడుగు తీసేశారు. ఈలోపు మామగారు ఒంటికాలి మీద బరువేసుకుంటూ వచ్చి, తన చార్జర్ ఇదేనా అని చెయ్యి చాపాడు. కోడలు ఇంజనీర్ని తండ్రికి అడ్డం నిలబెట్టింది. ఆ రోజు అతను చేసిన పనుల్లో ఏ నష్టమూ జరగనిది అదొక్కటే.

మేడం వచ్చేసరికి మిషను మెడ దగ్గరుంది.

ఆమె కూర్చోలేదు. సూది లేస్తూ పడుతూ ఉంటే తెల్లదారం నీలంగుడ్డ మీద మెల్లగా వంపు తిరగడం నిలబడే చూసింది. కుట్టు పూర్తయ్యాక కోడలు దారం తెంపి, ఫ్రేము విప్పి, బ్యాడ్జీని కత్తిరించి ఇచ్చింది. మేడం సంచిలోంచి రెండు బ్యాడ్జీలు తీసింది. ఒకటి పాతది. ఇంకొకటి కంపెనీ పంపింది. మూడింటినీ వరసగా పెట్టి, కిటికీ వెలుతురుకు అటూ ఇటూ తిప్పింది. రెండు మెడలు కదిలాయి. మూడోది కదల్లేదు.

ఆమె మూడోదాన్ని తిరిగి సంచిలో వేసుకుంది. కొలతలు తీసుకోడానికి ఎప్పుడొస్తారని అడిగింది.

ఆమె వెళ్ళాక అత్తగారు బ్యాడ్జీని అందుకుని, కళ్ళు మూసుకుని బొటనవేలితో మెడ తడిమింది. ఇక్కడ దారం కాస్త బిగుసుకుంది, కింది కండె వదులు చెయ్యాలంది. కోడలు సరేనని వదులు చేసింది. నిజంగానే బిగుసుకుంది మరి.

హంసను కోడలు మూడు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించింది. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో, ఒకటి డాక్టరు దగ్గర ఉంచాలనుకుని, అప్పటికి మూడూ సొరుగులో పెట్టింది. మిషను దగ్గరికి ఇంజనీరు రాకూడదని చెప్పింది. అతను ఒప్పుకున్నాడు. ఎంత త్వరగా ఒప్పుకున్నాడంటే, ఆమెకు మళ్ళీ అనుమానమొచ్చింది.

నాలుగురోజుల తర్వాత వాటిని ఎక్కడివక్కడ చేర్చుదామని ఆమె సొరుగు లాగితే, మూడూ బట్టలు వేసుకుని ఉన్నాయి. ఒకేరకం నీలం తొడుగులు, ఒకేరకం తెల్లహంస. కంటి అద్దాలు కొత్తగా వచ్చినందుకు కాబోలు, కుట్టు ఇదివరకటికన్నా సన్నగా ఉంది.

"అత్తయ్యా, మూడింటికీ ఒకటే బొమ్మ పెట్టారు. ఏది ఏదో ఎలా తెలుస్తుంది నాకు?"

అత్తగారు సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అడిగింది.

"మూడింట్లోనూ ఉన్నది ఏంటి?"

"హంసే."

"మరి?"